నీళ్ళు తాగితే ఒళ్ళు పగలడం ఆగుతుందా?

ధనుర్మాసం వచ్చిందంటే మన కాలేజీలో రెండు సంగతులు ఖాయం. మొదటి పీరియడ్‌కి సగం బెంచీలు ఖాళీగా ఉంటాయి. ఉన్నవాళ్ళలో ఎవరో ఒకరు చేతి మీద గోటితో గీసుకుంటే తెల్లగా గీత పడుతుంది, అది చూసి పక్కనున్నవాళ్ళు ఏమాత్రం ఆలోచించకుండా "నువ్వు నీళ్ళు సరిగ్గా తాగట్లేదే" అని తీర్పు చెప్పేస్తారు. పెదాలు పగిలినా, మడమలు పగిలినా, మొహం చిటపటలాడినా అదే తీర్పు. ఇప్పుడైతే గంటగంటకీ గీతలు కొట్టి ఉన్న రెండు లీటర్ల బాటిళ్ళు కూడా వచ్చాయి. పదింటికి ఇక్కడిదాకా, పన్నెండింటికి అక్కడిదాకా తాగాలట. రీల్స్‌లో ఒకమ్మాయి ముప్ఫై రోజులు నీళ్ళు తాగి అద్దంలా మెరిసిపోతుంది. ఆ ముప్ఫై రోజుల్లో ఇంకేం రాసుకుందో మాత్రం చెప్పదు.

నాకు నీళ్ళతో గొడవేం లేదు. గోదావరి పాయల మధ్య పుట్టిన పిల్లని, నీళ్ళతో నాకు గొడవేంటండీ. నా గొడవంతా ఆ సలహాతో. ఒళ్ళు పగిలినవాళ్ళకి నీళ్ళు తాగమని చెప్పడం చాలాసార్లు పనికిరాని సలహా. కొన్నిసార్లు ప్రమాదం కూడా. పైగా చెప్పేవాళ్ళకి అది చాలా సులువు, ఒక్క మాటతో తప్పంతా వినేవాళ్ళ మీదకి వెళ్ళిపోతుంది.

ముందు ఆ ఎనిమిది గ్లాసుల లెక్క సంగతి చూద్దాం. 1945లో అమెరికాలో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌కి చెందిన ఆహార పోషణ బోర్డు, పెద్దవాళ్ళకి రోజుకి రెండున్నర లీటర్ల నీరు సరిపోతుందని రాసింది. తినే ఒక్కో క్యాలరీకి ఒక్కో మిల్లీలీటరు అని లెక్క. ఆ వెంటనే, ఇందులో ఎక్కువ భాగం తినే ఆహారంలోనే ఉంటుంది అని కూడా రాసింది. ఆ రెండో మాట దారిలో ఎక్కడో రాలిపోయి, మొదటిది మాత్రం ప్రపంచమంతా తిరిగింది. 2002లో హైన్జ్ వాల్టిన్ అనే కిడ్నీ శాస్త్రవేత్త ఈ ఎనిమిది గ్లాసులకి ఆధారం ఏదైనా ఉందా అని పట్టుబట్టి వెతికారు. ఆరోగ్యంగా ఉండి, ఎండలో కష్టం చేయని మనిషి తప్పనిసరిగా అంత తాగాలి అనడానికి శాస్త్రీయమైన రుజువు ఆయనకి దొరకలేదు. లెక్క ఆ 1945 నాటి మాట నుంచే పుట్టి ఉండొచ్చన్నది ఆయన ఊహ. వండిన అన్నంలో మూడింట రెండు వంతులు నీళ్ళే. దాని మీద పప్పుచారు, చివర్లో మజ్జిగ పోసుకునే మనకి ఆ రాలిపోయిన రెండో వాక్యం విడిగా చెప్పక్కర్లేదు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కూడా రోజుకి సుమారు రెండు లీటర్ల నీళ్ళు తాగమనే అంటుంది. మన ఎండలకి, మన ఉక్కకి అది సబబైన మాటే. కానీ అలా తాగితే ఒంటి మీద పొట్టు లేవడం తగ్గుతుందని ఎక్కడా హామీ ఇవ్వలేదు కదా.

ఇక అసలు విషయం. చర్మంలో అన్నిటికంటే పైనుండే పొర పేరు స్ట్రాటమ్ కార్నియమ్. ముంజేతి మీద దాని మందం 10 నుంచి 20 మైక్రాన్లు ఉంటుంది, అంటే తలవెంట్రుక మందంలో పావు వంతు. అందులో ఉన్నవన్నీ చచ్చిపోయిన కణాలే, పదిహేను ఇరవై వరసలుగా పేర్చి ఉంటాయి. మధ్యలో సిమెంటులాగా కొవ్వులుంటాయి: సెరమైడ్లు, కొలెస్టరాల్, ఫ్యాటీ యాసిడ్లు. ఇటుకలూ సున్నమూ అని సివిల్ వాళ్ళకి చెబితే చాలు. ఈ పొరకి రక్తనాళాలు లేవు. దీనికి కావాల్సిన తేమ కింది పొరల నుంచి నెమ్మదిగా ఊరుతూ పైకొస్తుంది, అక్కణ్ణుంచి గాలిలోకి పోతుంది. ఫిక్స్ లా అని పరీక్షకి బట్టీ కొట్టాం చూడండి, అది మన ఒంటి మీద ఇరవై నాలుగు గంటలూ నడుస్తూనే ఉంటుంది. చెమట కాకుండానే రోజుకి సుమారు మూణ్ణాలుగు వందల మిల్లీలీటర్ల నీరు ఇలా చర్మం గుండా పోతుంది. ఆ పై పొరలో తేమ పదో వంతు కంటే తగ్గితే అది బిరుసెక్కి, వంగలేక పగులుతుంది. గోటితో గీస్తే కనిపించే తెల్లటి గీత అదే.

ఇప్పుడు మీరు ఒక లీటరు నీళ్ళు ఎక్కువ తాగారనుకోండి. ఆ లీటరు ఎక్కడికి పోతుంది?

మా రాజోలు వైపు పొలాలకి గోదావరి ఎలా వస్తుందో చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర కట్టించిన ఆనకట్ట, ఇప్పుడు దాని చోట బ్యారేజి. అక్కణ్ణుంచి కాలువ. పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా అక్విడక్టు ఎక్కి ఇటు దిగాలి (ఆ అక్విడక్టుకి దారినపోయేవాళ్ళకి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు, ఎవరు పెట్టారో గానీ మంచి పని చేశారు). తరవాత పిల్ల కాలువలు, బోదెలు, అన్నిటికీ చివర శివారు పొలం. శివారు రైతు మడి ఆరిపోతోందంటే రెండు కారణాలుండొచ్చు. పైనుంచే నీళ్ళు రాకపోవడం ఒకటి. వచ్చిన నీళ్ళు గట్టుకి ఎలకలు పెట్టిన బొరియల్లోంచి పోవడం రెండోది. గట్టు పాడైపోయాక బ్యారేజిలో ఎంత నీరుంటే ఏం లాభం? పైగా బ్యారేజిలో ఎక్కువైన నీటిని దాచుకోరు, గేట్లెత్తి సముద్రంలోకి వదిలేస్తారు. మన ఒంట్లో ఆ గేట్లు కిడ్నీలు. అవసరానికి మించి తాగిన లీటరుని కొద్ది గంటల్లో అవి బయటికి పంపేస్తాయి. చర్మం అనే శివారు పొలం దాకా దానికోసం ప్రత్యేకంగా రాదు.

అంటే తాగే నీళ్ళకీ చర్మానికీ ఏ సంబంధమూ లేదా అంటే, ఉంది. 2015లో పోర్చుగల్ పరిశోధకులు 49 మంది ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్ళ చేత మామూలుగా తాగే దానికి అదనంగా రోజుకి రెండు లీటర్ల నీళ్ళు నెల రోజులు తాగించి చర్మంలో తేమ కొలిచారు. ముందునుంచీ తక్కువ నీళ్ళు తీసుకుంటున్నవాళ్ళలో కొలతలు మెరుగయ్యాయి. బాగా తాగేవాళ్ళలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. 2018లో ఇంకొందరు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ పోగేస్తే పనికొచ్చేవి ఆరే తేలాయి. వాటి సారాంశం కూడా అదే: తక్కువ తాగేవాళ్ళకి కొంచెం తేడా రావచ్చు, అంతకుమించి గట్టిగా చెప్పలేం. యంత్రం మీద అంకె కొద్దిగా పెరగడం వేరు, పగిలిన మడమ మూసుకోవడం వేరు. రెండోది జరుగుతుందని ఎవరూ చూపించలేదు.

నీళ్ళు తగ్గితే చర్మం మీద నిజంగా కనిపించేది ఇంకొకటుంది. వాంతులూ విరేచనాలూ అవుతున్న చంటిపిల్లల పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో మడిచి వదిలి చూస్తారు. వెంటనే సర్దుకుంటే పర్లేదు. రెండు సెకన్లు దాటినా ఆ మడత అలాగే నిలబడితే ఒంట్లో నీరు ప్రమాదకరంగా పడిపోయిందని అర్థం. ఆ పరిస్థితిలో నీళ్ళే, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళే ప్రాణం పోస్తాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా పట్టినప్పుడు దిలీప్ మహాలనబిస్ అనే డాక్టరుగారు ఓఆర్ఎస్‌ని నమ్ముకుని వేలమందిని బతికించారు. ఆ చర్మం వదులైపోయిన చర్మం. మన చేతి మీద తెల్లగీత పడే చర్మం అది కాదు. ఈ రెండిటినీ ఒకే మాటతో "డీహైడ్రేషన్" అనేయడం వల్లే సగం గందరగోళం.

ఇంకో వింత. మన చుట్టూ అందరికంటే దారుణంగా చేతులు పగిలేది ఎవరికో ఎప్పుడైనా చూశారా? రోజంతా నీళ్ళలో చేతులు పెట్టేవాళ్ళకి. రొయ్యల షెడ్లలో ఐసులో చేతులు ముంచి తలలు తీసే ఆడవాళ్ళకి, హోటళ్ళలో గిన్నెలు తోమేవాళ్ళకి, ఇంట్లో అమ్మలకి. మా పిన్ని కువైట్‌లో ఇళ్ళ పనికి వెళ్ళి ఆరేళ్ళయింది. కోనసీమలో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్నారంటే మీకెవరికీ ఆశ్చర్యం ఉండదు. బయట ఎడారి గాలి, లోపల రోజంతా ఏసీ, చేతులేమో బ్లీచు నీళ్ళలో. వీడియో కాల్‌లో చేతులు చూపించినప్పుడు వేళ్ళ సందుల్లో నెత్తురు చారలు. పిన్నికి కూడా అందరూ చెప్పింది నీళ్ళు బాగా తాగమనే. పాపం తాగింది. ఒక నర్సు చెప్పాక నూలు గ్లవ్స్ మీద రబ్బరు గ్లవ్స్ వేసుకోవడం, రాత్రి పడుకునేముందు వేజలైన్ దట్టంగా పట్టించడం మొదలుపెట్టింది. ఆ తరవాతే తగ్గింది.

నీళ్ళలో నానితే చర్మం ఎండడం ఏమిటి అనిపిస్తుంది. నానిన పొర ఉబ్బుతుంది, సబ్బు దానిలోని కొవ్వుల్ని కడిగేస్తుంది, బయటికొచ్చాక గట్టు లేని మడిలా ఉన్న నీరూ ఆవిరైపోతుంది. మామూలు సబ్బు పీహెచ్ తొమ్మిది, పది దాకా ఉంటుంది. చర్మం ఐదు దగ్గర ఉండాలనుకుంటుంది. చలికాలంలో మనం చేసేదేమిటంటే, పొగలు కక్కే నీళ్ళు బకెట్టు నిండా పెట్టుకుని, ఒళ్ళంతా రెండుసార్లు సబ్బు రుద్ది, ఫ్యాను కింద ఆరబెట్టుకుని, ల్యాబ్‌లో ఏసీ కింద కూర్చుని, ఆ పైన బాటిల్ ఎత్తి తాగడం.

దీనికి తోడు నీటి కాఠిన్యం. సముద్రం దగ్గర ఊళ్ళలో బోరు వేస్తే ఉప్పునీళ్ళే పడతాయని సఖినేటిపల్లి, అంతర్వేది వైపువాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఫస్టియర్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఈడీటీఏ పోస్తూ వైన్ రెడ్ నీలంగా ఎప్పుడు మారుతుందా అని కళ్ళు చికిలించి చూశాం కదా, ఆ కాల్షియం, మెగ్నీషియమే ఇక్కడ సబ్బుతో కలిసి చర్మం మీద పేరుకుంటాయి. కఠినజలంతో కడిగినప్పుడు డిటర్జెంటు చర్మం మీద ఎక్కువ మిగిలిపోతోందనీ, దాంతో మంట పెరుగుతోందనీ 2018లో ఇంగ్లండులోని షెఫీల్డ్ పరిశోధకులు చూపించారు. అలాగని ఇంటికి సాఫ్టెనర్ కొనమని నాన్నగారి ప్రాణం తీయకండి. అదే ఇంగ్లండులో ఎగ్జిమా ఉన్న 336 మంది పిల్లల మీద పరీక్ష చేస్తే సాఫ్టెనర్ వల్ల అదనంగా ఒరిగిందేమీ లేదని 2011లో తేలింది. సబ్బు తగ్గించుకోవడం దానికన్నా చవక.

మరి రాసుకోవాల్సింది ఏమిటి? 1952లో ఇర్విన్ బ్లాంక్ అనే అమెరికన్ ఒక సాదాసీదా ప్రయోగం చేశాడు. గట్టిపడిన కాయ లాంటి చర్మం ముక్కల్ని తీసుకుని బాగా ఎండబెట్టి రకరకాల నూనెల్లో వేశాడు. మెత్తబడలేదు. నీళ్ళు తగిలితే మెత్తబడ్డాయి. కాబట్టి మెత్తగా ఉంచేది నీరే, అందులో సందేహం లేదు. నూనె చేసే పని ఆ నీటిని పోనివ్వకుండా మూత పెట్టడం. అందుకే ఎండిన ఒంటి మీద నూనె రాయడం కంటే, స్నానం చేసి తువ్వాలుతో అద్దుకుని తడి పూర్తిగా ఆరకముందే రాయడం మేలు. గ్లిజరిన్, యూరియా ఉన్న క్రీములు ఇంకో రకం, అవి నీటిని పట్టి ఉంచుతాయి. యూరియా అంటే మనం వరికి చల్లేదే, అణువు అదే. చర్మంలో సహజంగానే కొంత ఉంటుంది. అలాగని బస్తా విప్పొద్దు, మడమల పగుళ్ళకి మందులషాపులో యూరియా క్రీము దొరుకుతుంది.

ఇక్కడ మా మామ్మ మాట చెప్పాలి. మామ్మ జీవితంలో మాయిశ్చరైజర్ అన్న మాట పలకలేదు. శీతాకాలం సాయంత్రం కాళ్ళు కడుక్కుని, తడి కాళ్ళకే గానుగ కొబ్బరినూనె రాసుకునేది. మాకూ రాసేది, మేం పారిపోయేవాళ్ళం, వాసనని. 2004లో మనీలాలో 34 మంది పొడిచర్మం ఉన్నవాళ్ళని రెండు జట్లుగా చేసి, సగం మందికి వర్జిన్ కొబ్బరినూనె, సగం మందికి మినరల్ ఆయిల్ ఇచ్చి రెండు వారాలు కాళ్ళకి రాయించారు. రెండూ సమానంగా పనిచేశాయి, ఇబ్బందులు రాలేదు. చిన్న పరీక్షే, ఒప్పుకుంటాను. కానీ అంబాజీపేట మార్కెట్టు పక్కన పుట్టి, విదేశీ సీసాలో ఉన్న బాదం నూనె కోసం ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టే మనం కాస్త సిగ్గుపడాల్సిన పరీక్ష. ఇంకో తమాషా: చిన్న సీసాల్లో అమ్మే కొబ్బరినూనె వంటనూనా, తలనూనా అన్న పన్ను తగాదా ఏళ్ళ తరబడి నడిచి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2024 డిసెంబరులో, వంటనూనె కిందకీ రావొచ్చని కోర్టు తేల్చింది. కోనసీమలో మాత్రం ఇంత కొబ్బరి పండించీ దాంతో కూర వండే ఇల్లు అరుదు. కాళ్ళ సంగతి ఏ కోర్టూ తేల్చలేదు గనక మామ్మ మాటే చెల్లుతుంది. మొహం మీద మొటిమలున్నవాళ్ళు మాత్రం మొహానికి రాయొద్దు, రంధ్రాలు మూసుకుని అవి ఇంకా రేగుతాయి.

సరదాగా చెప్పుకొస్తున్నాను గానీ, ఈ సలహా వల్ల జరిగే నష్టం సరదాగా లేదు. చర్మం విపరీతంగా పొడిబారడం వెనక థైరాయిడ్ తగ్గడం ఉండొచ్చు, షుగరు ఉండొచ్చు, పుట్టుకతో వచ్చిన ఇక్తియోసిస్ ఉండొచ్చు, ఎగ్జిమా ఉండొచ్చు. వీళ్ళకి కావాల్సింది డాక్టరు. "నీళ్ళు తాగు" అంటే ఆరు నెలలు వాయిదా. లేదా నీళ్ళకి తగ్గలేదని మందులషాపుకి వెళ్ళి ఏదో ట్యూబు కొనుక్కోవడం. అందులో స్టెరాయిడ్ ఉంటుంది. చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం పద్నాలుగు రకాల స్టెరాయిడ్ పూతమందుల మీద నోటిఫికేషన్ ఇచ్చింది. మొహానికి నెలల తరబడి పూసుకుంటే చర్మం పల్చబడి, మానేసిన రోజు ఎర్రగా మండుతుంది. మన క్లాసుల్లోనే అలా మండినవాళ్ళున్నారు, పేర్లు అక్కర్లేదు.

ఇంకా పైకి వెళదాం, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, కంచిలి, సోంపేట వైపు. అదీ కొబ్బరితోటల సీమే, చూడ్డానికి అచ్చం మన కోనసీమలాగే ఉంటుంది. అక్కడ కిడ్నీ జబ్బు ఇంటింటి కథ, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకి చర్మం పొడిబారి ఒళ్ళంతా దురదలు పుడతాయి, రాత్రిళ్ళు నిద్ర ఉండదు. డయాలిసిస్ మీద ఉన్న మనిషి రోజుకి ఎన్ని నీళ్ళు తాగాలో డాక్టరు కొలత పెడతాడు. నేను పైన చెప్పిన గేట్లు ఆ మనిషికి ఎత్తుకోవు. అలాంటివాళ్ళకి ఒక రీల్ చూసి ఎవరో బంధువు ప్రేమగా ఇంకో రెండు లీటర్లు తాగమంటే ఆ నీరు వెళ్ళి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఒకే ఒళ్ళుపగులు, ఒకే సలహా, ప్రాణం మీదకి.

చివరిగా మన కాలేజీ సంగతి, నిజానికి ఇది రాయడానికి కూర్చున్నది ఇందుకే. రెండో అంతస్తులో వాటర్ కూలర్ పైన కొత్తగా ఒక పోస్టరు అంటించారు. మెరిసే మొహం, పక్కన గ్లాసు, రోజూ ఎనిమిది తాగండి అని. ఆ అంతస్తులో అమ్మాయిల టాయిలెట్‌కి గడియ లేదు, ట్యాప్ తిప్పితే మధ్యాహ్నం తరవాత నీళ్ళు రావు. కిందిదానికి నాలుగున్నరకి తాళం పడుతుంది. ల్యాబ్‌లు ఐదు దాటి నడుస్తాయి. రాజోలు, మలికిపురం వైపు నుంచి బస్సులో వచ్చే మేము పొద్దున ఏడింటికి బయల్దేరేముందు ఒక గుక్కతో సరిపెడతాం. సాయంత్రం ఇంటికి చేరి చెంబెత్తి తాగుతాం. ఎనిమిది గ్లాసులు కాదు, మధ్యలో రెండు గ్లాసులు తాగాలన్నా ఎక్కడికి వెళ్ళాలో ముందు లెక్క వేసుకోవాలి. మా బ్యాచ్‌లో ఎవరికీ ఇది చేతకాక కాదు, తెలియకా కాదు.

నీళ్ళు తాగడం వల్ల ఆడపిల్లలకి నిజంగా రుజువైన లాభం ఒకటుంది, అది మెరుపు కాదు. మాటిమాటికీ మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్ వస్తూ, నీళ్ళు తక్కువ తాగే 140 మంది ఆడవాళ్ళని ఏడాదిపాటు గమనించిన పరిశోధన 2018లో అచ్చయింది. రోజుకి ఒకటిన్నర లీటరు అదనంగా తాగినవాళ్ళకి ఏడాదిలో సగటున 1.7 సార్లు వస్తే, మామూలుగా తాగినవాళ్ళకి 3.2 సార్లు వచ్చింది. ఆ పోస్టరు మీద రాయదగ్గ మాట ఇది. కానీ ఇది రాస్తే కింద ఇంకో మాట కూడా రాయాలి, టాయిలెట్ ఎక్కడుందో. అందుకే కాబోలు మెరిసే మొహం పెట్టారు. మొహం మెరవకపోతే తప్పు మనది, గడియ లేకపోతే మటుకు తప్పు ఎవరిదో అడగాలి కదా.

మేం కొందరం ఒక ఉత్తరం రాశాం. అడిగినవి మూడే: గడియలు, మధ్యాహ్నం తరవాత కూడా ట్యాంకు నింపడం, ఆఖరి బస్సు వెళ్ళేదాకా తాళం వేయకపోవడం. ప్రిన్సిపాల్‌గారికి సంక్రాంతి సెలవులకి ముందే ఇవ్వాలని ఉంది. ఉత్తరం క్లబ్బు గదిలో తలుపు పక్క బల్ల మీద, పాత సంచికల కట్ట కింద ఉంది. అబ్బాయిలు కూడా సంతకం పెట్టొచ్చు. పెన్ను మీరే తెచ్చుకోండి, అక్కడున్నది రాయట్లేదు.